పొగచూరిన పొయ్యిలు: మధుమేహం మూత్రపిండాలను లోలోపల ఎలా కూలుస్తుంది?

 

గత సంవత్సరం ఒక సాయంత్రం అస్ర్ నమాజు ముగించుకుని మేము చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్ వైపు నడిచాము. ఆ వీధుల సంగతి మన పాఠకులలో చాలామందికి తెలిసినదే. గోడ గోడకూ గ్రూప్స్, సివిల్స్ కోచింగ్ కేంద్రాల బోర్డులు, సందు సందుకూ జిరాక్స్ దుకాణాలు, టిఫిన్ బండ్లు, భుజాన సంచీ వేసుకుని సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయివచ్చే యువకులు. ఆ యువకులలో ఒకడు మా ఖాలా కుమారుడు. మూడేళ్లుగా గ్రూప్-1కు చదువుతున్నాడు. బయటి తిండి పడక అతని ఆరోగ్యం పాడవుతున్నదని ఖాలా నల్లగొండ జిల్లాలోని ఊరు విడిచి వచ్చి, నాలుగో అంతస్తులోని ఒక చిన్న గదిలో అతనికి వండిపెడుతున్నారు.

మేము వెళ్లేసరికి ఆమె కూరగాయల సంచీతో మెట్లెక్కుతున్నారు. అంతస్తుకొకచోట ఆగుతున్నారు. గదిలోకి చేరి చెప్పులు విడిచినప్పుడు చూశాము. చెప్పు పట్టీ పాదం మీద లోతుగా అచ్చుపడి ఉంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే నిలిచింది. ఆరోగ్యం ఎలా ఉన్నదని అడిగాము. ఆమె తలుపు వైపు ఒకసారి చూసి, కొడుకు లేడని నిశ్చయించుకుని, బియ్యం డబ్బా వెనుక నుంచి మడతపెట్టిన ఒక కాగితం తీసి ఇచ్చారు. అయిదు నెలల నాటి పరీక్ష చీటీ అది. పరగడుపు చక్కెర 148. దాని కింద మూత్ర పరీక్ష. ఆల్బుమిన్ అన్న మాట ఎదుట రెండు కూడిక గుర్తులు.

"షుగర్ నూట నలభై ఎనిమిదే కదా బేటా! అంతకుముందు రెండు వందలు దాటి ఉండేది. తగ్గినట్టే కదా?" అన్నారు.

"మరి కింద రాసినదాని సంగతి ఏమిటి ఖాలా?"

"డాక్టరుకు చూపించమన్నారు. వాడి మెయిన్స్ కానీ, తరువాత చూద్దామనుకున్నాను. నువ్వూ అప్పటిదాకా వాడికి చెప్పకు."

పన్నెండేళ్లుగా మధుమేహం ఉన్న మనిషి. వయస్సు యాభై నాలుగు. ఆ రెండు కూడిక గుర్తుల అర్థం ఆమెకు ఎవరూ విప్పి చెప్పలేదు. ఇటువంటి చీటీలు మన ఇళ్లలో ఎన్ని బియ్యం డబ్బాల వెనుక, ఎన్ని దిండ్ల కింద దాగి ఉన్నాయో! 2023లో వెలువడిన ఐసీఎంఆర్ జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైమాటే. మధుమేహం ఉన్న ప్రతి పదిమందిలో ముగ్గురు, నలుగురికి కాలక్రమంలో మూత్రపిండాలు దెబ్బతింటాయని వైద్యశాస్త్రం చెబుతున్నది. అందుకే ఈ నెల మన శీర్షికను ఆ రెండు గుర్తుల వెనుక ఉన్న కథకే కేటాయిస్తున్నాము.

పిడికెడు అవయవం, సముద్రమంత శ్రమ

మూత్రపిండాలు రెండూ కలిపి తూచినా మూడు వందల గ్రాములకు అటు ఇటుగా ఉంటాయి. దేహపు బరువులో ఇది రెండు వందల వంతు మాత్రమే. అయినా గుండె నిమిష నిమిషమూ పంపే రక్తంలో అయిదో వంతుకు పైగా ఈ రెండింటి గుండానే ప్రవహిస్తుంది. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. నెఫ్రాన్ మొదట ఒక సన్నని రక్తనాళాల ఉండ, అది జల్లెడ. దాని వెనుక మెలికలు తిరిగిన ఒక గొట్టం. అది వడపోతలో జారిపోయిన విలువైన పదార్థాలను తిరిగి ఏరుకునే చోటు.

ఆ జల్లెడల గుండా రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం దిగుతుంది. మనం విసర్జించేది ఒకటిన్నర, రెండు లీటర్లే. తక్కిన నీటిని, అందులోని ఉప్పును, చక్కెరను గొట్టం గోడల్లోని కణాలు ఒక్కొక్కటిగా ఎత్తి రక్తంలోకి తిరిగి చేరుస్తాయి. బావిలో నుంచి రాత్రింబవళ్లు నీళ్లు తోడే కూలీలను ఊహించండి. ఈ కణాల పని అదే. తోడడానికి బలం కావాలి. అందుకే దేహం మొత్తం మీద గుండె తరువాత బరువుకు తగ్గ లెక్కన అత్యధికంగా ప్రాణవాయువును ఖర్చు చేసేవి, అత్యధికంగా మైటోకాండ్రియాలు నిండినవి మూత్రపిండాలే.

మైటోకాండ్రియా అంటే ఏమిటి? కణం ఒక ఇల్లు అనుకుంటే అది ఆ ఇంటి పొయ్యి. 1898లో కార్ల్ బెండా అనే జర్మన్ శాస్త్రవేత్త సూక్ష్మదర్శినిలో దారాలుగా, గింజలుగా కనిపించిన ఈ అంశానికి దారం, గింజ అనే అర్థమిచ్చే రెండు గ్రీకు మాటలను కలిపి ఆ పేరు పెట్టాడు. తిన్న ఆహారం ఇక్కడ ప్రాణవాయువుతో కలిసి నిదానంగా దహనమవుతుంది. ఆ వేడి వృథాగా పోకుండా ఏటీపీ అనే అణువులో శక్తిగా నిలువ అవుతుంది. కణం చేసే పనులలో అత్యధిక భాగానికి చెల్లుబాటయ్యే నాణెం ఇదే.

ఈ నాణేన్ని లోకానికి చూపినవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడన్న సంగతి మనం తరచూ మరచిపోతాము. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ, 1927లో కండరంలో నిలువ ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నాడు. ఇందులో మనకు సంబంధించిన ముచ్చట మరొకటి ఉంది. ఆ క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌లు అరిగినప్పుడు మిగిలే వ్యర్థమే క్రియాటినిన్. ఈనాడు మూత్రపిండాల పరీక్ష చీటీలో మనం ఆందోళనతో వెదికే అంకె అదే.

పొయ్యిలో పొగ ఎలా పుడుతుంది?

పొయ్యిలో కట్టెలు తగినన్ని పెడితే మంట తేటగా మండుతుంది. కట్టెల మీద కట్టెలు కుక్కితే మంట తగ్గి పొగ లేస్తుంది. మధుమేహంలో జరిగేది కొంతవరకు ఇటువంటిదే.

రక్తంలో చక్కెర పెరిగినప్పుడు దేహంలోని చాలా కణాలు తమ తలుపులు కొంత మూసుకుని లోపలికి వచ్చే చక్కెరను అదుపు చేసుకోగలవు. సూక్ష్మ రక్తనాళాల లోగోడల కణాలు, మూత్రపిండపు జల్లెడను నిలబెట్టే మెసాంజియల్ కణాలు ఆ పని సరిగా చేయలేవు. బయట చక్కెర ఎంత పెరిగితే లోపల అంత నిండుతుంది. ఆ భారమంతా మైటోకాండ్రియా మీద పడుతుంది. దహనంలో ఎలక్ట్రాన్లు ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు క్రమంగా దిగి, చివరి మెట్టు మీద ప్రాణవాయువును చేరాలి. ఒత్తిడి పెరిగినప్పుడు కొన్ని ఎలక్ట్రాన్లు మధ్యలోనే జారి ప్రాణవాయువును అంటుకుంటాయి. అప్పుడు సూపర్ ఆక్సైడ్ అనే తీవ్రమైన పదార్థం పుడుతుంది. మనం చెప్పుకున్న పొగ అదే. మైకేల్ బ్రౌన్లీ అనే అమెరికా వైద్య శాస్త్రవేత్త 2001లో ఈ వాదాన్ని సమగ్రంగా వివరించాడు. కన్ను, నరం, మూత్రపిండం మూడూ మధుమేహంలో దెబ్బతినడానికి మూలం ఈ ఒక్క పొగలోనే ఉందని ఆయన ప్రతిపాదన.

తరువాతి పరిశోధనలు ఈ చిత్రాన్ని మరికొంత సరిదిద్దాయి. వ్యాధి ముదిరిన మూత్రపిండంలో పొయ్యి అతిగా మండటం కంటే మండలేక చల్లబడటమే పెద్ద కీడు అని కొందరు పరిశోధకులు 2013లో చూపారు. మధుమేహ మూత్రపిండ రోగుల మూత్రంలో మైటోకాండ్రియా పనికి సంబంధించిన పలు పదార్థాలు తగ్గిపోయి కనిపించాయి. అంటే మొదట పొగ, పిదప బూడిద అనుకోవచ్చు.

ఈ చల్లబడటం ఎలా జరుగుతుంది? ఆరోగ్యవంతమైన కణంలో మైటోకాండ్రియాలు పొడవైన దారాల వలె ఒకదానితో ఒకటి కలుస్తూ, విడిపోతూ ఉంటాయి. కలిసినప్పుడు ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. మధుమేహంలో ఈ కలయిక తగ్గి అవి చిన్న చిన్న తునకలుగా విరిగిపోతాయి. పాడైన తునకలను గుర్తించి ఊడ్చివేసే పారిశుధ్య ఏర్పాటు ఒకటి ప్రతి కణంలోనూ ఉంది. అదీ మందగిస్తుంది. పాత పొయ్యిలు తొలగవు, కొత్తవి తగినన్ని పుట్టవు. మైటోకాండ్రియాకు దానిదైన చిన్న జన్యుపత్రం ఉంది. మనకు అది తల్లి నుంచే సంక్రమిస్తుంది. అందులో ఉన్నవి 37 జన్యువులు. పొగ పుట్టే గోడ పక్కనే ఉన్నందున అదీ దెబ్బతింటుంది. దాని ముక్కలు బయటికి కారినప్పుడు కణం వాటిని శత్రు సూక్ష్మజీవి శకలాలుగా భావించి వాపును రేపుతుంది. వాపు నిలిచిపోతే మెత్తని కండ ఉండవలసిన చోట గట్టి నారమచ్చ పేరుకుంటుంది. మచ్చ పడిన నెఫ్రాన్ మళ్లీ చిగురించదు.

కూలీ మీద ఇంకో మూట

పొయ్యి చల్లబడుతున్న ఆ సమయంలోనే పని రెట్టింపవుతుంది. ఇదే ఈ వ్యాధిలోని అన్యాయం. లెక్క చూడండి. రక్తంలో చక్కెర 100 ఉన్నవారి జల్లెడ నుంచి రోజుకు 180 గ్రాముల చక్కెర దిగుతుంది. 300 ఉంటే అది అర కిలో దాటుతుంది. గొట్టం మొదటి భాగంలోని కణాలు ఎస్‌జీఎల్‌టీ-2 అనే ద్వారపాలకుని సాయంతో అందులో అధిక భాగాన్ని వెనక్కు లాగుతాయి. చక్కెరతోపాటు ఉప్పునూ లాగుతాయి. మధుమేహంలో ఈ ద్వారాల సంఖ్య తగ్గవలసింది పోయి పెరుగుతుంది. దొరికిన చక్కెరను వృథా పోనీయవద్దన్న సహజ స్వభావం ఇక్కడ శత్రువవుతుంది.

ఉప్పు ముందే లాగివేయడంతో గొట్టంలో ముందుకు పోయే ద్రవంలో ఉప్పు తగ్గుతుంది. అక్కడ కాపలా ఉన్న కణాలు 'వడపోత చాలడం లేదు' అని పొరబడి జల్లెడకు రక్తం తెచ్చే నాళాన్ని వెడల్పు చేయిస్తాయి. జల్లెడ లోపల పీడనం పెరుగుతుంది. జల్లెడ రంధ్రాలకు కాపు కాసే పోడోసైట్లు అనే కణాలు వేళ్లు విరిగినట్లు ఊడిపోతాయి. వాటి స్థానంలో కొత్తవి పుట్టడం అతి స్వల్పం. అప్పుడు రక్తంలోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలోకి జారుతుంది. మూత్రం నురగ కడుతుంది. చీటీలో కూడిక గుర్తులు వస్తాయి.

ఖాలా చీటీలోని ఆ రెండు గుర్తుల కథ ఇది. పరగడుపు చక్కెర ఆ ఒక్క ఉదయపు వార్త మాత్రమే. ఆల్బుమిన్ పన్నెండేళ్ల వార్త.

నొప్పి లేని వ్యాధి, అబద్ధం చెప్పే అంకె

మూత్రపిండం నొప్పితో ఫిర్యాదు చేయదు. సగం నెఫ్రాన్లు పోయినా మిగిలిన సగం అదనపు భారం మోస్తూ మౌనంగా పనిచేస్తుంది. పాదాల వాపు, ఆకలి మందగించడం, దురద, ఆయాసం చాలా ఆలస్యంగా వచ్చే సంకేతాలు. ఇన్సులిన్ మోతాదు ఉన్నట్టుండి తక్కువ సరిపోతున్నదంటే మధుమేహం తగ్గిందని సంతోషించకండి. ఇన్సులిన్‌ను విసర్జించే మూత్రపిండం బలహీనపడి ఉండవచ్చు.

అందుచేత మధుమేహం ఉన్న ప్రతి ఒక్కరూ, రెండో రకమైతే వ్యాధి తెలిసిన నాటి నుంచే, ఏటా రెండు పరీక్షలు చేయించుకోవాలి. మొదటిది మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్‌ల నిష్పత్తి. ఇది 30 లోపు ఉండాలి. 30 నుంచి 300 వరకు హెచ్చరిక. 300 దాటితే తీవ్రం. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్న రోజుల్లో ఇది తాత్కాలికంగా పెరగవచ్చు కనుక మూడు నెలల వ్యవధిలో మళ్లీ చేయించి నిర్ధారించుకోవాలి. రెండోది రక్తంలో క్రియాటినిన్, దాని నుంచి లెక్కగట్టే వడపోత వేగం. దీనిని ఈజీఎఫ్ఆర్ అంటారు.

క్రియాటినిన్ ఒక్కదాన్నే చూసి తృప్తిపడటంలో ప్రమాదం ఉంది. మేము పట్టుబట్టి ఖాలాకు పరీక్షలు చేయించగా క్రియాటినిన్ 1.4 వచ్చింది. "కొంచెమే ఎక్కువ" అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాని ఆమె వయస్సు, స్త్రీ అన్న సంగతి కలిపి లెక్కగడితే వడపోత వేగం 45 దగ్గర తేలింది. ఆరోగ్యవంతుల్లో ఇది 90 పైన ఉంటుంది. అంటే సగం పోయింది. చీటీలో అది 'కొంచెం'గా కనిపించింది.

నారాయణగూడ మీదుగా పోయేవారికి ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ భవనాలు తెలిసినవే. ఐపీఎం అంటే ఆటోవారికీ తెలుసు. 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్ర ప్రయోగశాల నెలకొన్నది ఆ ప్రాంగణంలోనే. బస్తీ దవాఖానాల్లో తీసుకున్న రక్తమూత్ర నమూనాలను ఉచితంగా పరీక్షించేందుకు ఈ ఏర్పాటు వచ్చింది. డబ్బు లేదన్న కారణంతో పరీక్ష వాయిదా వేసుకునే సోదర సోదరీమణులు ముందు తమ బస్తీ దవాఖానాలో అడగాలి. అడిగేటప్పుడు 'షుగర్ టెస్టు' అని ఊరుకోకుండా 'మూత్రంలో ఆల్బుమిన్ కూడా' అని నోరు తెరిచి చెప్పాలి.

మచ్చ పడకముందే

ఇంత చదివాక మనసు కుంగడం సహజం. కాని ఈ కథలో ఆశకు చోటు చాలా ఉంది. ముప్పై ఏళ్ల కిందటి రోగికి లేని మందులు నేటి రోగికి ఉన్నాయి.

మొదటిది చక్కెర అదుపు. మొదటి రకం మధుమేహం మీద అమెరికా, కెనడాలలో జరిగి 1993లో వెలువడిన డీసీసీటీ అధ్యయనంలో, చక్కెరను గట్టిగా అదుపు చేసినవారికి మూత్రంలో ఆల్బుమిన్ అధికంగా పోవడం 54 శాతం తగ్గింది. అధ్యయనం ముగిసి ఇరుపక్షాల చక్కెర దాదాపు సమానమైన తరువాత కూడా, తొలి సంవత్సరాల్లో జాగ్రత్తపడినవారికి ఆ మేలు కొనసాగింది. దేహం తొలినాళ్ల మంచిని, చెడును చాలాకాలం గుర్తుపెట్టుకుంటుందన్నమాట. 'ఇంకా తొలి దశే కదా' అని తేలికగా తీసుకునే కాలమే అసలు కాలం.

రెండోది రక్తపోటు. జల్లెడ లోపలి పీడనాన్ని తగ్గించే రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి మందులు ఆల్బుమిన్ కారడాన్ని తగ్గిస్తాయి. మూడోది కొత్తది. ఇందాక చెప్పుకున్న ఎస్‌జీఎల్‌టీ-2 ద్వారాన్ని మూసే మందులు. చక్కెర మూత్రంలో పోతుంది, గొట్టం కణాల మీది మూట దిగుతుంది, జల్లెడలో పీడనం తగ్గుతుంది. అలసిన పొయ్యికి ఊపిరి తిరుగుతుంది. 2019లో వెలువడిన క్రెడెన్స్ అనే అధ్యయనంలో 4,401 మంది మధుమేహ మూత్రపిండ రోగులు పాల్గొన్నారు. ఈ కోవకు చెందిన కానాగ్లిఫ్లోజిన్ వాడినవారిలో మూత్రపిండాలు విఫలం కావడం వంటి కీడు 30 శాతం తగ్గింది. ఇదే కోవకు చెందిన డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశంలో 2020లో ముగిసింది. నేడు తక్కువ ధరలో జెనరిక్ బిళ్లలు దొరుకుతున్నాయి. వీటిని వైద్యుడే నిర్ణయించాలి. వాడేవారు శుభ్రత విషయంలో మరింత శ్రద్ధ వహించాలి, ఎందుకంటే మూత్రంలో చక్కెర వలన ఫంగస్ సోకవచ్చు. వాంతులు, విరేచనాలు అయిన రోజున వాటిని ఆపి వైద్యుని సంప్రదించాలి.

ఒక సందేహం రావచ్చు. పొగే శత్రువైతే పొగను అణచే విటమిన్ బిళ్లలు మింగితే సరిపోదా? ఆ దారిన పోయి చూశారు. మధుమేహ మూత్రపిండ రోగులకు బి విటమిన్లను అధిక మోతాదులో ఇచ్చిన ఒక అధ్యయనంలో మూత్రపిండాలు మరింత త్వరగా క్షీణించాయని 2010లో తేలింది. పొగను అణచే దేహశక్తిని పెంచుతుందని ఆశపడిన బార్డాక్సొలోన్ అనే మందు మీద జరిగిన పెద్ద పరీక్షను, గుండె వైఫల్యాలు పెరిగినందున 2012లో మధ్యలోనే ఆపారు. సరాసరి పొగ మీద నీళ్లు చల్లడం కంటే కట్టెలు తగ్గించడమే ఇప్పటికి రుజువైన మార్గం. 'కిడ్నీలను శుభ్రం చేస్తాం' అని అమ్మే పొడులు, ఏ లోహం కలిసిందో తెలియని భస్మాలు, కుష్తాల జోలికి పోవద్దు. మోకాళ్ల నొప్పికని మందుల దుకాణంలో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వంటివి కూడా బలహీనపడిన మూత్రపిండానికి గొడ్డలి పెట్టు.

ఇక వంటగది. మన దస్తర్‌ఖాన్ మీద చక్కెర కంటే ఎక్కువ దాగి ఉండేది ఉప్పు. పచ్చడి, పాపడం, బేకరీ బిస్కెట్లు, బయటి బిర్యానీ అన్నీ ఉప్పు గనులే. ఉప్పు తగ్గితే రక్తపోటు మందు బాగా పనిచేస్తుంది. రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌లు తాగేవారు ఒకటికి దిగాలి. మాంసం మానవలసిన పని లేదు. పూటపూటా పళ్లెం నిండా కాకుండా మితంగా చాలు. చిక్కడపల్లి, అశోక్ నగర్ వాసులకు ఇందిరా పార్కు నడిచిపోయేంత దూరంలో ఉంది. నడిచే కండరాల్లో కొత్త మైటోకాండ్రియాలు పుడతాయన్నది స్థిరపడిన విషయం. పొగాకు, జర్దా పాన్ వెంటనే విడవాలి.

ఉపవాసం సంగతి

ఖాలా ఆ రమజాన్‌లో ముప్పై ఉపవాసాలూ పాటించారు. మగ్రిబ్ వేళకు కళ్లు తిరిగినా ఎవరికీ చెప్పలేదు. "ఇన్నేళ్లు ఒక్కటీ వదలలేదు" అని ఆమె అన్నప్పుడు ఆ స్వరంలో ఉన్న గౌరవాన్ని మేము తక్కువ చేయలేము. అయితే రోగగ్రస్తులకు ఉపవాసంలో సడలింపు ఇచ్చింది ఖుర్ఆనే. కోలుకున్నాక ఆ లెక్క పూర్తిచేసే వీలు, కోలుకోలేని వారికి ఫిద్యా మార్గం ధర్మంలోనే ఉన్నాయి. ఇచ్చిన సడలింపును స్వీకరించడం బలహీనత కాదు, విధేయతే.

వైద్యపరంగా, మూత్రపిండాలు బాగా క్షీణించిన మధుమేహ రోగికి పగలంతా నీరు లేకుండా ఉండటం అధిక ప్రమాదం. నీరు తగ్గితే మూత్రపిండానికి రక్తం తగ్గుతుంది. ముందే ప్రాణవాయువు చాలక ఉక్కిరిబిక్కిరి అవుతున్న గొట్టం కణాలు ఆ దెబ్బకు తట్టుకోలేవు. కనుక రమజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వైద్యుని వద్దకు వెళ్లి ఉపవాసం తగునా, తగితే మందుల వేళలు ఎలా మార్చాలి అని అడగాలి. పిదప ఆ మాటను నమ్మకమైన ఆలిమ్ ముందుంచి సలహా పొందాలి. ఉపవాసం ఉన్నవారు కూడా వేలి రక్త పరీక్ష మానరాదు. దానితో ఉపవాసం భంగం కాదని పండితులు చెబుతున్నారు. చక్కెర 70 కంటే పడిపోయినా, 300 దాటినా ఆ క్షణమే ఉపవాసం విరమించాలి.

చీటీ బయటికి వచ్చిన రోజు

ఖాలా మా చేత మాట తీసుకోబోయారు. మేము ఇవ్వలేకపోయాము. రహస్యం అమానతే, కాని ఆమె ప్రాణమూ ఆ ఇంటికి అమానతే. "మీరే చెప్పండి. వారం రోజులు ఆగుతాము. ఆ తరువాత మాత్రం మేము చెబుతాము" అన్నాము.

మూడో రోజు రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. కాసేపు మాట రాలేదు. "నా పరీక్ష కోసం అమ్మీ తన పరీక్ష దాచింది భాయిజాన్" అన్నాడు. మరుసటి ఉదయం పుస్తకాల సంచీ గదిలో వదిలి తల్లిని తీసుకుని ఆసుపత్రికి బయలుదేరాడు. ఆమెకు ఆల్బుమిన్ నిష్పత్తి 420 అని తేలింది. రెండు మందులు మారాయి, ఒకటి చేరింది. పచ్చళ్ల జాడీలు ఊరికి తిరిగి వెళ్లాయి. కూరగాయల సంచీ అతనే మోస్తున్నాడు. ఆరు నెలల తరువాత ఆ నిష్పత్తి 190కి దిగింది. వడపోత వేగం 45 దగ్గరే నిలిచి ఉంది. పోయిన సగం తిరిగి రాదు. ఉన్న సగం నిలబడితే అదే విజయం అన్నారు డాక్టరు గారు.

మెయిన్స్ సంగతి అడుగుతారేమో. రాశాడు. ఫలితం ఇంకా రాలేదు.

డయాలసిస్ దశకు చేరినవారికి ఆరోగ్యశ్రీ కింద ఉచిత చికిత్స ఉంది. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ వంటి చోట్ల నిపుణులు ఉన్నారు. ఆ ఏర్పాట్లు ఎందరికో ప్రాణం నిలుపుతున్నాయి. అయినా వారానికి మూడుసార్లు, పూటకు నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకునే తల్లినీ, ఆమె పక్కన కూర్చునే బిడ్డనూ చూసినవారికి తెలుసు, ఒక్క చీటీని అయిదు నెలలు ముందు చదివి ఉంటే ఎంత తప్పేదో.

ఈ పత్రిక చదివి పక్కన పెట్టేముందు ఒక్క పని చేయండి. మీ ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దవారి చివరి పరీక్ష చీటీ అడిగి చూడండి. చక్కెర అంకె దగ్గర ఆగకండి. కింది వరుస కూడా చదవండి. అక్కడ మూత్ర పరీక్షే లేకపోతే రేపు ఉదయమే చేయించండి. అల్లాహ్ మన పెద్దలందరికీ ఆరోగ్యాన్ని, మనకు వారి చీటీలు చదివే తీరికను ప్రసాదించుగాక. ఆమీన్.